అవతలి కుర్చీ

కాలేజీలో ఏ లెక్చరర్ ఎలా పాఠం చెబుతాడో నాకు బల్లలు చెబుతాయి. ఏటా సెలవుల్లో అన్ని గదుల బల్లలూ బయటికి లాగి, విరిగినవి బాగుచేసి, గరుకెక్కినవి చిత్రిక పట్టి మళ్ళీ లోపల సర్దడం నా పని. పాఠం రుచించని గదిలో బల్లల నిండా గాట్లే. పేర్లు, బాణాలు, పొడుగు ముక్కుల మనుషులు. లెక్కల గదిలో ఒకడు ఏడాది పొడుగునా శ్రమపడి తెరచాపలతో సహా ఓడ చెక్కాడు. ఆ పనితనం చూసి దానిమీద చిత్రిక పెట్టడానికి నాకే మనసొప్పలేదు. పదకొండో నంబరు గది బల్లల తీరు వేరు. వాటిమీద గాట్లు దాదాపు ఉండవు. ముందు అంచు మాత్రం అరిగి నున్నబడి ఉంటుంది. మోచేతులు ఆనించి ముందుకు వంగి కూర్చుంటే తప్ప అంచు అలా అరగదు.

ఆ గది రాజనీతిశాస్త్రం మాస్టారిది. పిల్లలు ఆయన్ను అవతలి మాస్టారు అంటారు. ఎవరు ఏం చెప్పినా ఆయన “బాగుంది. మరి అవతలివాళ్ళు ఏమంటారు?” అని అడుగుతారు. అందుకని ఆ పేరు. ఒకసారి ఎవడో హాజరుపట్టీ అట్టమీద పెన్సిలుతో “అవతలి” అని రాశాడు. ఆయన చెరపబోయి ఆగి, “అక్షరాలు కుదురుగా ఉన్నాయి, ఉండనీ” అన్నారు. ఆ రాత ఇప్పటికీ ఉంది.

నా షెడ్డు పదకొండో గదికి సరిగ్గా వెనక. మధ్యన ఒకే గోడ, పైన ఒక వెంటిలేటరు. నేను రంపం ఆపితే పాఠం వినబడుతుంది. ఏడో తరగతితో నా చదువు ఆగిపోయింది. వడ్రంగం కూడా ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. విరిగిన కుర్చీలు విప్పి, చూసి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాను. మాటలతో బతికేవాళ్ళంటే నాకు అంతగా గురి ఉండేది కాదు. కొలత తప్పితే తలుపు పడదు, అందరికీ తెలిసిపోతుంది. మాట తప్పితే ఎవరికి తెలుస్తుంది అనుకునేవాణ్ణి. ఆ మాస్టారి పనిని ఇరవై ఏళ్ళు గోడ వెనక నుంచి విన్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

ఆయన వచ్చినప్పుడు ఇరవై ఆరేళ్ళుంటాయి. తండ్రి బస్సు కండక్టరు. “బస్సు అన్నాక అన్ని పార్టీలవాళ్ళూ ఎక్కుతారు. ఎవడి స్టాపులో వాణ్ణి దింపాలి, అంతే” అనేవాడట ఆయన. కొడుకు మాత్రం మొదటి రెండేళ్ళూ అందరినీ తన స్టాపులోనే దింపాడు. గొంతు ఖంగుమనేది. పాఠం అంటే ఉపన్యాసమే. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ మోతకు నా షెడ్డు రేకులు కూడా అదిరేవి.

ఒక అర్ధసంవత్సర పరీక్ష అయ్యాక, స్టాఫ్‌రూమ్ బల్ల కాలు విరిగి నా దగ్గరుంటే, ఆయన పేపర్ల కట్ట పట్టుకుని షెడ్డులోకే వచ్చి స్టూలు మీద కూర్చుని దిద్దుకున్నారు. మొదట నవ్వుకున్నారు. కాసేపటికి నవ్వు ఆగింది. తర్వాత పేపర్లన్నీ ఒక్కొక్కటే తిరగేసి ఒకే చోట వేలు పెట్టి చూడడం మొదలుపెట్టారు.

“ఏంటి సార్, కాపీ కొట్టారా?”

“కొట్టారు మేస్త్రీ. నా నోట్లోంచి కొట్టారు. ఒక చట్టం మూడు ఓట్ల తేడాతో గెలిచిందని క్లాసులో చెప్పాను. మూడు అనేది ఆ రోజు సభకు రానివాళ్ళ సంఖ్య. తేడా పదిహేడు. నేను పొరబడ్డాను. నలభై మందిలో ముప్పై ఎనిమిది మంది మూడే రాశారు.”

“మిగతా ఇద్దరూ?”

“వాళ్ళు ఆ ప్రశ్నే వదిలేశారు.”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

“పుస్తకంలో పదిహేడనే ఉంది. తెరిచినవాడు ఒక్కడూ లేడు.”

“మీ మాట మీద అంత నమ్మకం సార్.”

“అదే జబ్బు. రెండేళ్ళుగా వీళ్ళకు రాజకీయం నేర్పుతున్నాననుకున్నాను. నా గొంతు నేర్పాను.”

పనిలో లోపం కనబడినప్పుడు సాకు వెతకని మనిషిని నేను అప్పటిదాకా మా వృత్తిలోనే చూశాను.

వారం తర్వాత మళ్ళీ వచ్చారు. “మేస్త్రీ, నాకొక కుర్చీ చేసిపెట్టు. అందులో కూర్చున్నవాడికి హాయిగా ఉండకూడదు. అలాగని నొప్పీ పుట్టకూడదు.”

“కొత్తల్లుడు అత్తారింట్లో కూర్చున్నట్టా?”

“సరిగ్గా అదే!”

పాత స్టేజీ విప్పిన చెక్క ఉంటే దానితో చేశాను. చేతులు లేవు, వీపు నిటారు, కూర్చునే పలక కాస్త కురచ. ఒక్క మేకు లేకుండా చెక్కలో చెక్క దించి బిగించాను. దాన్ని ఆయన తన బల్లకు ఎడమపక్క, పిల్లల వైపు తిప్పి వేయించారు. దానికొక పద్ధతి పెట్టారు. నువ్వు ఒకడి మాట కాదనాలనుకుంటే ముందు ఆ కుర్చీలో కూర్చోవాలి. వాడి మాటను వాడి తరఫున నువ్వే చెప్పాలి. వాడు విని “అదే నా మాట” అనాలి. అన్నాక నువ్వు లేచి నీ చోటికి వెళ్ళి అప్పుడు జవాబు చెప్పాలి. కుర్చీలో ఉన్నంతసేపూ మాట అవతలివాడిది, లేచాకే నీది.

మొదట్లో ఎవడికీ చేతకాలేదు. ఎదుటివాడి మాట చెప్పమంటే ఎదుటివాణ్ణి వెక్కిరించేవాళ్ళు. “అది నా మాట కాదు సార్!” అని వాడు అరిచేవాడు. మళ్ళీ మొదటికి. సరిగా పడని తలుపును నాలుగుసార్లు దింపి ఎక్కించినట్టు, ఒక్క “అదే నా మాట” కోసం వారం పట్టేది. ఆ మాట పలికిన రోజు గదిలో ఒక చప్పుడు లేనితనం వచ్చేది. చెక్క బెజ్జంలో సరిగ్గా దిగినప్పుడు సుత్తి మోత మారుతుంది చూడండి, అలాంటిది.

ఏ మాటకైనా క్లాసులో మనిషే దొరకకపోతే, ఆ మాట తరఫున ఆయనే కూర్చునేవారు. అలా పద్దెనిమిదేళ్ళలో ఆయన రాజుల తరఫున మాట్లాడారు, రాజుల్ని దింపినవాళ్ళ తరఫున మాట్లాడారు, కాలేజీలే అక్కర్లేదనేవాళ్ళ తరఫున కూడా మాట్లాడారు. తన సొంత మాటేదో మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఆయన ఏ పార్టీయో కనుక్కోవాలని స్టాఫ్‌రూమ్ అంతా తంటాలు పడింది. ఒకసారి నేను ఆయన భార్యనే అడిగాను. ఆమె ఆస్పత్రిలో నర్సు.

“నాకే తెలీదు అన్నయ్యా. వెళ్ళి ఓటేసి వస్తారు, సిరా వేలు చూపిస్తారు, కాఫీ అడుగుతారు. అంతవరకే నాకు తెలిసింది.”

ఇక గొడవ జరిగిన ఏడాది సంగతి. రెండో సంవత్సరం క్లాసులో జెండా అనే కుర్రాడుండేవాడు. అసలు పేరు హాజరుపట్టీకే తెలుసు. సంచిలో ఎప్పుడూ ఒక పార్టీ జెండా మడిచి ఉండేది. జెండా కర్ర నున్నగా చేయించుకోడానికి నా దగ్గరికి వచ్చేవాడు. “బాబాయ్, చేతికి పేళ్ళు గుచ్చుకుంటున్నాయి, కాస్త చూడవూ” అనేవాడు. గొంతు పెద్దది, బుర్రా తక్కువేం కాదు. ఆ కుర్చీలో కూర్చుని అవతలివాడి మాట చెప్పడంలో క్లాసులో వాడే మొనగాడు.

ఎన్నికలు మూడు వారాల్లో ఉన్నాయి. ఆ రోజు పదకొండో గదిలో చర్చ, ఓటు వేయకపోవడం తప్పా కాదా అని. నలభై మందీ తప్పే అన్నారు. ఓటు వేయనివాడి తరఫున ఒక్కడూ లేడు. మాస్టారే వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. నేను ఒక కిటికీ రెక్కకు చిత్రిక పడుతున్నాను. కాసేపటికి నా చెయ్యి దానంతటదే ఆగింది.

“నేను ఓటు వేయను. బద్ధకమనుకోకండి. ఐదుసార్లు వేశాను. ఐదుసార్లూ మా వీధి కుళాయి కోసమే వేశాను. ఐదుసార్లూ నేను వేసినవాడే గెలిచాడు. కుళాయి ఒక్కటే ఓడిపోయింది. ఓటు వేయనివాడికి అడిగే హక్కెక్కడిదంటారు. నేను పన్ను కడతాను, క్యూలో నిలబడతాను, గుంటల రోడ్డుమీద నడుస్తాను. నా హక్కు అక్కడిది. రెండు కుళ్ళిన పండ్లు పెట్టి ఏదో ఒకటి తినమంటారు. నాకు ఆకలి లేదని ఎందుకనుకుంటారు? ఆకలుంది కాబట్టే వద్దంటున్నాను...”

అలా తొమ్మిది నిమిషాలు. నాకే, ఓటు మానని నాకే, ఒక్క క్షణం కాళ్ళకింద నేల కదిలినట్టయింది. అంతలో గంట కొట్టింది. మధ్యాహ్నం పోలింగు సిబ్బందికి శిక్షణ ఉందని ఆ రోజు ప్రతి పీరియడూ పది నిమిషాలు కుదించారు. ఆ నోటీసు మీద పొద్దున ఆయనే సంతకం పెట్టారు, మాటల్లో పడి మరిచిపోయారు. గంట వినగానే కుర్చీ కిర్రుమంది, శిక్షణకు ఆలస్యమవుతుందంటూ ఆయన గబగబా వెళ్ళిపోయారు.

మర్నాటికి ఆ మాటలు ఊరంతా తిరిగాయి. నలభై సెకన్ల వీడియో. “ఓటు వేయకండంటున్న లెక్చరర్!” అని పైన రాసి ఉంది. తీసింది జెండా. పెట్టిందీ వాడే. ప్రిన్సిపాల్‌కు సంతకంతో ఫిర్యాదు ఇచ్చిందీ వాడే. గేటు దగ్గర ఒక గుంపు చేరి నినాదాలు చేసింది. వార్త పేపరు లోపలి పేజీకి ఎక్కింది. పోలింగు డ్యూటీలో ఉన్న మనిషే ఓటు వద్దంటాడా అని పైనుంచి ఫోన్లు.

ప్రిన్సిపాల్ మంచివాడే. గాలివాటం మనిషి. మాస్టారిని పిలిచి తెల్లకాగితం ముందు పెట్టాడు.

“ఒక్క ముక్క రాసివ్వండి మాస్టారూ. ‘అవి నా అభిప్రాయాలు కావు, నేను ఎప్పుడూ ఓటు వేస్తాను’ అని. శుక్రవారం కాలేజీ కమిటీ పెద్దాయన వస్తున్నారు. కాగితముంటే సరే. లేకపోతే సస్పెన్షన్ ఆర్డరు టైపయి నా సొరుగులో ఉంది. క్లాసు ఇంకెవరికో ఇస్తారు. కుర్చీనైతే పొయ్యిలో పెట్టమన్నారు.”

మాస్టారు రాయనన్నారు. నాకు ఒళ్ళు మండింది. కుర్చీ పొయ్యిలోకి పోతుందని కొంత, ఈయన మొండితనానికి కొంత.

ఆ సాయంత్రం వాళ్ళ వంటింటి అలమర తలుపు వేలాడుతోందని ఆయన భార్య కబురు పెట్టింది. వెళ్ళేసరికి ఆమె ఇంకా ఆస్పత్రి బట్టల్లోనే ఉంది. మాస్టారు గోడకానుకుని నిలబడి ఉన్నారు.

“నువ్వైనా చెప్పన్నయ్యా. ఒక్క వాక్యం! నేను రోజుకు ఇరవై కాగితాల మీద సంతకం పెడతాను. నా చెయ్యేమైనా ఊడిపోయిందా?”

“నువ్వు పెట్టేది నిజం మీద,” అన్నారాయన.

“ఇదేం అబద్ధం? మీరు ఓటేస్తారా, వేయరా?”

“వేస్తాను.”

“అదే రాసి చావండి!”

“రాస్తాను. వచ్చే వారం ఆ కుర్చీలో ఇంకో పిల్ల కూర్చుంటుంది. ఇంకెవరి మాటో చెబుతుంది. ఇంకెవడో ఫోను తీస్తాడు. అప్పుడు ఆ పిల్లనూ రాసిమ్మంటారు. రాసివ్వని మాటంతా ఆమెదే అంటారు. మాస్టారే రాసిచ్చారుగా, నీకేం అంటారు. ఆ తర్వాత ఎవరు కూర్చుంటారు అందులో? ఎదుటివాడి మాట నోటితో పలకడానికి భయపడ్డవాడు, రేపు ఎదుటివాణ్ణి కర్రతో పలకరిస్తాడు.”

“అబ్బో! ఊళ్ళోవాళ్ళందరికీ కుర్చీ వేశారు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నాకోసం ఒక పీటైనా వేశారా? నా తరఫు ఎప్పుడైనా చెప్పారా మీరు?”

నేను స్క్రూలు నోట్లో పెట్టుకుని అలమరలో తల దూర్చాను. ఆలుమగల మధ్య వడ్రంగికి అంతకంటే దారి లేదు. వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. మాస్టారు బకెట్టు బోర్లించి దానిమీద కూర్చున్నారు.

“నా భర్త పట్టుదల వల్ల జీతం ఆగితే నా డ్యూటీలు రెట్టింపవుతాయి,” అన్నారు నెమ్మదిగా. “నడుం నొప్పి ఇప్పటికే ఉంది, ఈయనకు చెప్పలేదు. చెప్పకపోయినా తెలుసుకోవాలనుకున్నాను. పరాయి పిల్లల భయం గురించి ఈయన ఎంతో ఆలోచిస్తాడు. నాకు భయమేస్తోందా అని ఒక్కసారి అడగలేదు.” ఆగి తలెత్తారు. “ఇదేనా నీ మాట?”

ఆమె “ఇదే,” అంది. వెంటనే, “నా మాట నాకంటే బాగా చెప్పి ఏం లాభం? అలమర తలుపు లాగే ఉంది మీ యవ్వారం, పైకి బానే ఉంటుంది, పట్టుకుంటే ఊగుతుంది,” అంది. నవ్వొచ్చింది గానీ నోటినిండా స్క్రూలు.

“ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు,” అన్నారాయన.

ఆమె టీ గిన్నె దించుతూ, మామూలుగా చెప్పింది. “మాకు తప్పు మందు పడితే రాసేందుకు ఒక కాగితముంటుంది. అందులో ‘నాకా ఉద్దేశం లేదు’ అని రాస్తే మా పెద్ద నర్సు చింపి పారేస్తుంది. నీ ఉద్దేశం ఎవడిక్కావాలి అంటుంది. ఏ టైముకు ఏం చేశావు, ఏం చెయ్యాల్సి ఉండి చెయ్యలేదు. ఆ రెండే రాయాలి.”

“ఏం చెయ్యలేదు...” అన్నారు మాస్టారు. బకెట్టు మీంచి లేవబోయి, సగంలో ఆగిపోయారు. లేస్తున్న తన మోకాళ్ళకేసే చూసుకున్నారు. “లేవలేదు,” అన్నారు. “మేస్త్రీ, నేను ఆ రోజు కుర్చీలోంచి లేవలేదు!”

“లేచారుగా సార్, గంట కొట్టగానే.”

“లేచి ఎక్కడికి వెళ్ళాను? బయటికి. నా చోటికి వెళ్ళలేదు. జవాబు వినలేదు. నలభై మందీ అవతలి మాట ఒక్కటే పట్టుకుని ఇళ్ళకు పోయారు.”

అప్పుడు నాకు అర్థమైంది. బంక ఆరకముందే బిగింపు వదిలేశారు. నా పనిలో అయితే ఆ కుర్చీని నేను ఎవరికీ అప్పగించేవాణ్ణి కాదు.

శుక్రవారం ప్రిన్సిపాల్ గదికి కుర్చీని మోసుకురమ్మన్నారు, సాక్ష్యమట. తెచ్చి గోడవార వేసి తలుపు దగ్గర నిలబడ్డాను. పెద్దాయన ఆలస్యంగా వచ్చాడు. ఉన్న కుర్చీల్లో ఒకదానిమీద ఫైళ్ళున్నాయి. ఆయన చూసుకోకుండా వెళ్ళి నేను తెచ్చిన కుర్చీలోనే కూర్చున్నాడు. కూర్చుని ఒకసారి అటు, ఒకసారి ఇటు సర్దుకున్నాడు.

“ఎవడు చేశాడయ్యా ఈ కుర్చీ?”

“నేనేనండి,” అన్నాను. ఆయన నాకేసి ఒక చూపు చూసి, మాస్టారి వైపు చెయ్యి చాపాడు.

మాస్టారు కాగితం ఇచ్చారు. పెద్దాయన పైకే చదివాడు. “పన్నెండు నలభైకి గంట కొట్టింది. ఓటు వేయని మనిషి తరఫున మాట్లాడుతున్న నేను, పద్ధతి ప్రకారం లేచి నా చోటికి వెళ్ళి తరగతి జవాబు వినాలి. వినకుండా గది వదిలి వెళ్ళాను. ఇది నా పనిలో జరిగిన లోపం.” కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశాడు. “ఇందులో అసలు సంగతి లేదేం? మీరు ఏ పక్షం?”

“అది ఇందులో ఉండదండి.”

“మీకు ఉద్యోగం కావాలా, వద్దా?”

“కావాలి. చాలా కావాలి.” ఆయన గొంతు ఖంగుమనలేదు. ఆ మాట ఎవరికోసం అన్నారో నాకు తెలుసు.

పెద్దాయన ఊపిరి వదిలి జెండాను పిలిపించాడు. వాడు లోపలికొచ్చి, మాస్టారిని చూసి తల దించుకున్నాడు.

“ఊఁ, నీ ఫిర్యాదేదో నీ నోటితో చెప్పు బాబూ.”

వాడు నోరు తెరిచాడు. కుర్చీకేసి చూసి మూశాడు. ఇంకోసారి తెరిచాడు. చివరికి, “సర్... ముందు సార్ తరఫు చెప్పాలి కదా,” అన్నాడు.

“ఆయన తరఫు ఆయన చెప్పుకున్నాడు. నీది చెప్పవయ్యా.”

“నాకలా రాదు సర్. వరస తప్పితే మాట కుదరదు. కాస్త... మీరు ఆ కుర్చీలోంచి లేస్తారా?”

ప్రిన్సిపాల్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. పెద్దాయన వాణ్ణి చూశాడు, కుర్చీని చూసుకున్నాడు, ఏమనుకున్నాడో లేచి ఫైళ్ళు పక్కకు నెట్టి ఇంకో కుర్చీలో కూర్చున్నాడు. బహుశా నడుముకు కూడా నచ్చి ఉంటుంది.

జెండా కూర్చున్నాడు. “నేను ఓటు వద్దని చెప్పలేదు,” అన్నాడు, మాస్టారి తరఫున. “ఓటు వద్దనుకునేవాళ్ళు మన వీధిలోనే ఉన్నారు. వాళ్ళ మాట వినకుండా వాళ్ళ తలుపు ఎలా తడతారు? ఆ మాట చెప్పడానికి క్లాసులో ఎవరూ లేకపోతే నేను చెప్పాను. చెప్పి, లేవకుండా వెళ్ళిపోయాను. అదొక్కటే నా పొరపాటు. నలభై సెకన్లు చూసినవాళ్ళకు మిగతా ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు తెలీవు.” మాస్టారి వైపు తిరిగాడు. “ఇదేనా సార్ మీ మాట?”

“ఒకటి తగ్గింది,” అన్నారు మాస్టారు. “జవాబు చెప్పాల్సినవాళ్ళలో అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు ఒకడున్నాడు. వాణ్ణి చూసి కూడా వెళ్ళిపోయాను.”

జెండా తలెత్తాడు. మాస్టారు పూర్తిచేశారు. “మిగతాదంతా నా మాటే.”

వాడు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. “ఇప్పుడు నాది. మూడు వారాలుగా ఇంటింటికీ మెట్లెక్కి దిగుతున్నాను సర్. సార్ అంత బాగా చెప్పేసరికి నాతో తిరిగేవాళ్ళలో ముగ్గురు మానేశారు. నాకు మండింది. కావాలనే ఆ ముక్క కత్తిరించి పెట్టాను. అది తప్పే. దాంతో నాకొచ్చిన లాభం కూడా చెబుతాను. మా అమ్మమ్మ ఆ వీడియో చూసి, ‘మీ సారే వద్దంటున్నాడుగా, మోకాళ్ళ నొప్పులతో నన్నెందుకు లేపుతావురా’ అంది.”

పెద్దాయన దగ్గాడు. నవ్వును దగ్గులో కలపడం ఆయనకు బాగా వచ్చు.

“అయినా ఫిర్యాదు వెనక్కి తీసుకోను సర్. నా దగ్గర జవాబుంది. ఆ రోజే ఉంది. చెప్పనివ్వలేదు. అదీ నా ఫిర్యాదు.”

పెద్దాయన మాస్టారి కాగితాన్ని మళ్ళీ చదివి, మడిచి ఫైల్లో పెట్టాడు. “మెమో ఇవ్వండి,” అన్నాడు ప్రిన్సిపాల్‌తో. “రేపు ఆ మిగిలిన క్లాసేదో పూర్తి చేయించండి. మీరు కూర్చుని మొత్తం వినండి. ఆ వీడియో తీసినవాడే మొత్తం పెట్టాలి. సస్పెన్షన్ కాగితం మీద నేను సంతకం పెట్టడం లేదు.” గుమ్మం దాటుతూ నా దగ్గర ఆగాడు. “ఆ కుర్చీ... మా కమిటీ మీటింగులకు ఇంకోటి చేస్తావా?” వెటకారమో నిజమో ఇప్పటికీ తెలీదు.

కుర్చీని మళ్ళీ పదకొండో గదికి మోసుకెళ్ళి పాత చోట వేశాను. ఎక్కడైనా వదులైందేమో చూద్దామని కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ళలో అందులో నేను కూర్చోవడం అదే మొదలు. ఎదురుగా ఖాళీ బల్లలు, వాటి వెనక ఖాళీ గోడ. టైమెంతైందా అని తల తిప్పాను. గడియారం నా వెనక ఉంది. మెడ పూర్తిగా తిప్పితే తప్ప కనబడదు. ఎదుటివాళ్ళ ముఖాల్లోకి చూస్తూ మాట్లాడేవాడు అలా తిప్పడు. ఆ గడియారానికి మేకు కొట్టింది నేనే. గది మొత్తానికి కనబడాలని కొలిచి మరీ కొట్టాను. కుర్చీ చేసిన తర్వాత కూడా దాన్ని మార్చాలని తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే నిచ్చెన వేసి గడియారాన్ని బల్లల వెనక గోడకు మార్చాను. మాస్టారు వచ్చి చూశారు. మొదట కుర్చీలో కూర్చుని చూశారు, తర్వాత తన చోట నిలబడి చూశారు.

“తప్పు నాదని రాసిచ్చేశాను మేస్త్రీ. నువ్వు ఆలస్యంగా వచ్చావు.”

“సగం నాది సార్. మెమో కూడా సగం ఇవ్వండి, షెడ్డులో తగిలించుకుంటాను.”

క్లాసు మొదలైంది. వెనక బెంచీలో ప్రిన్సిపాల్. జెండా తన చోట నిలబడి జవాబు చెప్పాడు. వాళ్ళ వీధికి కుళాయి ఎలా వచ్చిందో చెప్పాడు. ఓటు వేయగానే రాలేదని, వేశాక నాలుగుసార్లు వెళ్ళి అడిగితే వచ్చిందని, మొదటిసారి వెళ్ళినప్పుడే “మీ వీధిలో ఓట్లెన్ని?” అని అడిగారని చెప్పాడు. బాగా చెప్పాడు. నా చిత్రిక మళ్ళీ ఆగింది. ప్రిన్సిపాల్ ఉండబట్టలేక, “కానీ నాయనా, అడిగితే వచ్చిందంటే అది అడిగినందుకా, ఓటుకా?” అన్నాడు. క్లాసంతా ఒక్కసారిగా “కుర్చీ సార్, కుర్చీ!” అంది. ఆయన నవ్వి “వద్దులే” అన్నాడు.

“బాగుంది,” అన్నారు మాస్టారు. “మరి అవతలివాళ్ళు ఏమంటారు?”

ముందు బెంచీ అమ్మాయట, ఎప్పుడూ నోరు విప్పనిది, వెళ్ళి కూర్చుంది. సన్నటి గొంతు. మొదట రెండు వాక్యాలు తడబడింది. తర్వాత కుదురుకుని, ఓటు మానేసిన వాళ్ళ నాన్న మాట వాళ్ళ నాన్న చెప్పినట్టే చెప్పసాగింది. గంటకు ఇంకా నాలుగు నిమిషాలుంది. వెంటిలేటరు కింద ఉన్న నాకు ఆమె కనబడదు. ఎదురు గోడ గడియారం చూసిందేమో, మాట మధ్యలో ఒక్క క్షణం ఆగడం, కుర్చీ కిర్రుమనడం, చెప్పులు నాలుగడుగులు వేసి తన బెంచీ దగ్గర ఆగడం మాత్రం వినబడ్డాయి.

“ఇప్పుడు నాది సార్,” అంది.